అతిథి దేవుడే, మరి కాళ్ళు కడిగేదెవరు?

2024 డిసెంబర్ 26న బంజారాహిల్స్‌లోని పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో తెలుగు సినిమా పెద్దలు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిశారు. అంతకు మూడు వారాల ముందే ‘పుష్ప 2’ ప్రీమియర్ రాత్రి సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది. అందుకే ఆ రోజు చర్చంతా బెనిఫిట్ షోల చుట్టూ, టికెట్ ధరల చుట్టూ తిరిగింది. అదే సమావేశంలో ప్రభుత్వం ఇంకో మాట కూడా అడిగింది. టెంపుల్ టూరిజానికి, ఎకో టూరిజానికి సినిమావాళ్ళు ప్రచారం చేసిపెట్టాలన్నది ఆ మాట. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన మాట అది. తెలంగాణ ముఖం ఎట్లా ఉంటుందో ప్రపంచానికి చూపించే పని ఎవరిదని ప్రభుత్వం అనుకుంటోందో ఆ ఒక్క కోరికలో తెలిసిపోతుంది. ఆ పని ఫిల్మ్‌నగర్‌ది, జూబ్లీహిల్స్‌ది. ఆ ముఖాన్ని రోజూ కడిగి తుడిచే పని ఎవరిదో మాత్రం సమావేశంలో ఎవరూ అడగలేదు. ఐదు నెలలు తిరిగేసరికి ఆ జవాబు రామప్ప గుడి మెట్ల దగ్గర కెమెరాల ముందే కనబడింది.

విదేశీ యాత్రికుల కోసం ప్రభుత్వాలు ఎందుకింత ఆరాటపడుతున్నాయో ముందు చూద్దాం. 2019లో దేశానికి ఒక కోటీ 9 లక్షల మంది విదేశీయులు వచ్చారు. కరోనాతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. 2024 నాటికి కూడా ఆ సంఖ్య మళ్ళీ కోటికి చేరలేదు. తెలంగాణ పరిస్థితి ఇంకా పలుచన. 2019లో మూడు లక్షలు దాటిన విదేశీ సందర్శకులు 2023లో లక్షా అరవై వేల దగ్గరే ఆగారు. విదేశీయుడు తెచ్చే డాలరు మీద ఏ ప్రభుత్వానికైనా ఆశ ఉంటుంది, అందులో తప్పేం లేదు. ఆ ఆశతోనే 2025లో రాష్ట్రం కొత్త పర్యాటక విధానం ప్రకటించింది. ఐదేళ్ళలో 15 వేల కోట్ల పెట్టుబడులు, మూడు లక్షల ఉద్యోగాలు, 27 ప్రత్యేక పర్యాటక ప్రాంతాలు అందులోని లక్ష్యాలు. ‘తెలంగాణ జరూర్ ఆనా’ అన్న నినాదం దానికి తోడైంది. దాని వెంటే 2025 మేలో 72వ మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. ఖర్చు 54 కోట్లని, అందులో సగం పర్యాటక శాఖ వాటా అని అధికారులు ముందే చెప్పారు.

మే 14న పోటీదారుల్లో ఒక బృందాన్ని ములుగు జిల్లా రామప్ప గుడికి తీసుకెళ్ళారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కట్టించిన సేనాని పేరుతో కాకుండా శిల్పి పేరుతో పిలవబడుతున్న గుడి కూడా అదేనంటారు. పని చేసినవాడి పేరు నిలిచిన చోటు మనకు ఎన్ని ఉన్నాయి గనక! ఆ గుడి ముందు అందగత్తెలను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. స్థానిక మహిళలు వాళ్ళ పాదాల మీద నీళ్ళు పోశారు, తువ్వాళ్ళతో తుడిచారు. వీడియో దేశమంతా తిరిగింది. ఆ మహిళలు దళిత, ఆదివాసీ, బలహీనవర్గాలవారని ప్రతిపక్ష నాయకులు ఆరోపించారు. గుడిలోకి పోయే ముందు కాళ్ళు కడుక్కోవడం మన ఆచారమని, అతిథి దేవో భవ అని ప్రభుత్వం తరఫువాళ్ళు సమర్థించుకున్నారు. బీఆర్‌ఎస్, బీజేపీ దీన్ని తెలంగాణ ఆత్మగౌరవానికి అవమానం అన్నాయి.

ఆ వాదులాటలో ఇద్దరూ తప్పించుకున్న ప్రశ్న ఒకటుంది. గుడికి పోయేవాళ్ళు కాళ్ళు కడుక్కుంటారు, నిజమే. ఎవరి కాళ్ళు వాళ్ళే కడుక్కుంటారు. ‘కడుక్కోవడం’ ఎక్కడ ‘కడగడం’ అయింది? కార్యక్రమం రాసిన అధికారి ఎవరో గానీ, ఆ పనికి మనుషులు కావాలనుకున్నప్పుడు ఆ చేతులు ఎవరివై ఉండాలో అతనికి ఎవరూ చెప్పాల్సిన అవసరం పడలేదు. జిల్లా ఉన్నతాధికారుల ఇళ్ళలోంచి గానీ, పెద్ద హోటళ్ళ యజమానుల ఇళ్ళలోంచి గానీ ఎవరినైనా తువ్వాలు పట్టుకుని కూర్చోమని అడిగి ఉంటారా? ఆ మహిళల కులధ్రువపత్రాలు తెచ్చి చూపించమని అడిగేవాళ్ళకు మా జవాబు ఇదే.

తెలంగాణకు ఇది కొత్త కాదు. నిజాం కాలంలో గిర్దావరో తహసీల్దారో ఊరికి వస్తున్నాడంటే పటేల్, పట్వారీ కబురు పెట్టేవాళ్ళు. సామాను మోసేది మాల మాదిగలు, నీళ్ళు, వంట సరంజామా, పడక, గుర్రానికి గడ్డి వంటివన్నీ ఒక్కో కులానికి ఒక్కో పని. కూలి ఉండదు. దాని పేరు వెట్టి. వచ్చిన దొరకు మర్యాద జరిగిందనే పేరు మాత్రం పటేల్‌కు దక్కేది. మర్యాద చేసిన పేరు ఒకరిది, ఒళ్ళు వంచిన పని ఇంకొకరిది. ఆతిథ్యం అనే మాట మన ఊళ్ళలో ఇట్లాగే నడిచింది. ఇవాళ ఆ పనికి కూలి ఉంది, స్వచ్ఛంద సేవకులన్న గౌరవమైన పేరు కూడా ఉంది. పనిని పంచే పద్ధతి మాత్రం పాతదే.

‘అతిథి దేవో భవ’ తైత్తిరీయోపనిషత్తులోని మాట. కేంద్ర ప్రభుత్వం 2002లో ఇన్‌క్రెడిబుల్ ఇండియా ప్రచారం మొదలుపెట్టింది. తర్వాత ఈ మాటను నినాదం చేసి ఆమిర్ ఖాన్‌తో ప్రకటనలు తీయించింది. విదేశీయులను మోసం చేయొద్దు, వేధించొద్దు, చెత్త వేయొద్దు అని ఆ ప్రకటనల్లో ఒక సినిమా తార వీధిలోని మనుషులకు బుద్ధి చెబుతుంటాడు. దేశం పరువు తీసేది వీధిలో పొట్టపోసుకునేవాళ్ళని, నిలబెట్టేది తెర మీది హీరో అని అర్థం. డిసెంబర్ సమావేశంలో సినిమావాళ్ళను ప్రభుత్వం అడిగింది కూడా ఆ పాత్రనే.

ఇంతకూ ఈ సంప్రదాయంలో అతిథి ఎవరు? మనుస్మృతి మూడో అధ్యాయం తిరగేస్తే లెక్క తేలుతుంది. బ్రాహ్మణుడి ఇంటికి వచ్చిన క్షత్రియుడు, వైశ్యుడు, శూద్రుడు అతిథులే కారు. వైశ్యుడూ శూద్రుడూ వస్తే నౌకర్లతో కలిపి తిండి పెట్టమంది. ఇక ఛండాలురకు కుక్కలతో, కాకులతో కలిపి నేలమీద మెతుకులు వేయమంది. దేవుడయ్యే అతిథికి ముందే ఒక వర్ణం ఉంది. నినాదం రాసుకున్నవాళ్ళు ఈ శ్లోకాలను పక్కనబెట్టి ఉపనిషత్తులోని ఆ ఒక్క ముక్కను మాత్రం తెచ్చుకున్నారు.

యాత్రికుడిగా అంబేద్కర్‌కు జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని ఆయన తన అనుభవాలకు పేరు పెట్టుకున్నదే ప్రయాణం పరిభాషలో. 1934లో దాదాపు ముప్పై మంది సహచరులతో కలిసి ఆయన ఎల్లోరా గుహలు చూడ్డానికి బయలుదేరారు. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. ఆ కోట అప్పటి హైదరాబాద్ సంస్థానంలోదే, అంటే మన నిజాం రాజ్యమే. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు. కోట గుమ్మం దగ్గరి తొట్టిలో నీళ్ళు తీసుకుని ముఖాలూ కాళ్ళూ కడుక్కున్నారు. అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేశారని ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు. గుంపు పోగైంది, కొట్టడానికి సిద్ధమైంది. చివరికి కోటలోకి పోనిచ్చారు గానీ లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకూడదని షరతు పెట్టి, కాపలాగా ఒక సాయుధ సిపాయిని వెంట పంపారు. ఇక్కడ అడ్డుపడింది ముస్లింలు. హిందువుకు అంటరానివాడు ముస్లింకీ అంటరానివాడేనని చూపడానికే ఆ సంగతి రాస్తున్నానని అంబేద్కర్ అన్నారు.

అమెరికాలో, లండన్‌లో చదువుకుని వచ్చిన మనిషి తన కాళ్ళు తానే కడుక్కుంటే నేరమైంది. తొంభై ఏళ్ళ తర్వాత తెలుగు నేల మీద ఇంకొకరి కాళ్ళు కడగడం మన ప్రజలకు గౌరవమని చెప్పారు. నీళ్ళకూ పాదాలకూ మధ్య మన చేతులు ఎక్కడ ఉండాలో కులం నిర్ణయిస్తూనే ఉంది.

ఇక జూబ్లీహిల్స్‌కు వద్దాం. బయటినుంచి వచ్చినవాళ్ళకు చూపించే జూబ్లీహిల్స్ అంటే సినిమా తారల బంగళాలు, పబ్బులు, కేబీఆర్ పార్కు. ఫిల్మ్‌నగర్ అంటే ఫిల్మ్ ఛాంబర్, కల్చరల్ సెంటర్, కొండ మీది స్టూడియో. ఈ రాళ్ళగుట్టలను సినిమా కోసం చదును చేసిన చరిత్ర మద్రాసు నుంచి పరిశ్రమ వచ్చిన దశాబ్దాలతో మొదలవుతుంది. స్టూడియోలకూ ఇళ్ళకూ ప్రభుత్వం భూమి ఇచ్చింది. ఆ రాళ్ళను పగలగొట్టినవాళ్ళు, సెట్లు కట్టినవాళ్ళు, బంగళాల్లో వంటా తోటా చూసినవాళ్ళు పక్కనే గుడిసెలు వేసుకున్నారు. అవే ఇప్పటి బస్తీలు. దీనదయాళ్ నగర్, జ్ఞాని జైల్‌సింగ్ నగర్, బీజేఆర్ నగర్. బీజేఆర్ అంటే బాబూ జగ్జీవన్ రామ్. పేరు పొడి అక్షరాల్లోకి కుదించుకుపోవడంతో ఆ మూడక్షరాల వెనక ఎవరున్నారో అక్కడి పిల్లల్లో చాలామందికి తెలియదు.

చిన్న పక్కమాట. 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉపఎన్నిక జరిగినప్పుడు దేశమంతా దాన్ని సంపన్నుల నియోజకవర్గం అనుకుంది. సంపన్నుల జూబ్లీహిల్స్ చాలావరకు ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది. జూబ్లీహిల్స్ పేరు మోసే నియోజకవర్గంలో ఉన్నవి బోరబండ, రహ్మత్‌నగర్, యూసఫ్‌గూడ, ఎర్రగడ్డ లాంటి కష్టజీవుల పేటలు. పేరు ఒకచోట, మనుషులు ఇంకోచోట.

సినిమా అనే వెలుగు వెనక ఉన్న చేతుల సంగతి మిస్ వరల్డ్ కిరీటం పెట్టిన రెండు నెలలకే బయటికొచ్చింది. 2025 ఆగస్టు 4 నుంచి ఫిల్మ్ ఎంప్లాయీస్ ఫెడరేషన్ కార్మికులు షూటింగులు ఆపేశారు. వేతనాలు 30 శాతం పెంచాలన్నారు. ప్రభుత్వం కలగజేసుకున్నాక మూడేళ్ళలో విడతలవారీగా 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. లైట్లు మోసేవాళ్ళు, సెట్లు కొట్టేవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు, వంటవాళ్ళు, డ్రైవర్లు. కృష్ణానగర్ గల్లీల్లో అద్దె గదుల్లో ఉండి తెల్లవారుజామున బండి కోసం ఎదురుచూసే మనుషులు. ‘ఆస్కార్ తెచ్చిన పరిశ్రమ’ అని యాత్రికులకు చెప్పుకునే కథలో వీళ్ళకు చోటు లేదు. తెర మీద కూడా అంతే. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. తర్వాత ఎనభై ఏళ్ళలో దళిత జీవితాన్ని మధ్యలో పెట్టి తీసిన తెలుగు సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2020లో ‘పలాస 1978’ వచ్చినప్పుడు దాన్ని విశేషంగా చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. ఇట్లాంటి పరిశ్రమకు రాష్ట్రం తన బొమ్మ గీసే పని అప్పగిస్తే ఆ బొమ్మలో ఎవరు ఉంటారో, ఎవరు ఉండరో ముందే ఊహించొచ్చు.

విదేశీయుల మాటే అయితే, వాళ్ళు ఫిల్మ్‌నగర్‌కు ఎప్పుడో వచ్చారు. 1988 నుంచి జూబ్లీహిల్స్‌లో ఉన్న అపోలో ఆసుపత్రికి ఆఫ్రికా నుంచి, గల్ఫ్ నుంచి రోగులు వస్తూనే ఉన్నారు. కొండ దిగి షేక్‌పేట దాటితే టోలీచౌకి. అక్కడి పారామౌంట్ కాలనీలో సూడాన్, సోమాలియా, యెమెన్ లాంటి దేశాలవాళ్ళు అద్దెకుంటారు. చదువుకోవడానికో వైద్యానికో వచ్చినవాళ్ళు. వీళ్ళూ డాలర్లే మారుస్తారు, అద్దెలు కడతారు, హోటళ్ళలో తింటారు. వీళ్ళకు దొరికే స్వాగతం ఏమిటి? అర్ధరాత్రి కార్డన్ అండ్ సెర్చ్, పాస్‌పోర్టుల తనిఖీ, ఇల్లు అద్దెకివ్వనన్న జవాబు, వీధిలో రంగు మీద పడే మాటలు. ఇల్లు అద్దెకు అడిగితే ‘మీరేమిట్లు?’ అని అడిగించుకున్న మనకు ఈ అనుభవం కొత్తది కాదు. విదేశీయులందరూ అతిథులు కారు. అతిథికి ఒక రంగు, ఒక తరగతి ఉన్నాయి. మిస్ వరల్డ్ పోటీల్లో ఆఫ్రికా ఖండం నుంచి వచ్చినవాళ్ళకూ తివాచీ పరిచారు కదా అనొచ్చు. పరిచారు, పోటీ ముగిసేదాకా.

విదేశీయుడికి నగరం అందంగా కనబడాలంటే కొందరు కనబడకూడదు. 2000 మార్చిలో బిల్ క్లింటన్ వస్తున్నాడని హైదరాబాద్ రోడ్ల మీది బిచ్చగాళ్ళను తరలించారు. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ పాల్గొన్న పారిశ్రామికవేత్తల సదస్సు కోసం 144వ సెక్షన్ పెట్టి రెండు నెలలు నగరంలో భిక్షాటన నిషేధించారు. దొరికినవాళ్ళను జైళ్ళ ఆవరణల్లో నడిపే ఆశ్రయాలకు పంపారు. ఒకసారి తెలుగుదేశం ప్రభుత్వం, ఇంకోసారి టీఆర్‌ఎస్ ప్రభుత్వం. రామప్ప దగ్గర కాంగ్రెస్ ప్రభుత్వం. జెండాలు మారినా అతిథి కోసం ఊడ్చే చీపురు ఒకటే. అందుకే ఈ విషయంలో ఏ పార్టీ ఆవేశాన్నీ మేం పూర్తిగా నమ్మలేం.

పర్యాటకం వద్దంటున్నామా? లేదు. మా విశ్వవిద్యాలయాల్లోంచి హోటల్ మేనేజ్‌మెంట్ చదివి బయటికి పోయిన దళిత యువతీ యువకులు మాకు తెలుసు. భూమి లేని కులాలకు సేవారంగంలో వచ్చే ఉద్యోగం పెద్ద ఆసరా. మా గొడవంతా ఆ మూడు లక్షల ఉద్యోగాల లెక్క గురించే. 2025 ఏప్రిల్ 14న, మిస్ వరల్డ్‌కు నెల ముందు, తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. దశాబ్దాల పోరాటం తర్వాత వచ్చిన పంపకం అది. ఆ పంపకం ప్రభుత్వ కొలువులకూ, విద్యాసంస్థల్లో ప్రవేశాలకూ మాత్రమే. పర్యాటక విధానం చెబుతున్న ఉద్యోగాలు దాదాపుగా ప్రైవేటువి. స్థలం ప్రభుత్వానిది, రోడ్డు, కరెంటు, రాయితీలు ప్రభుత్వానివి, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి రిజర్వేషన్ లేదు. అప్పుడు ఉద్యోగాలను పంచేది పాత వర్గీకరణే. రిసెప్షన్‌లో ఒక కులం, వంటగదిలో ఇంకొకటి, మరుగుదొడ్లలో, చెత్త దగ్గర, డ్రైనేజీలో మనం.

కళల దగ్గర కూడా ఇదే లెక్క. మే 10న గచ్చిబౌలి స్టేడియంలో మిస్ వరల్డ్ ఆరంభ వేడుకలో పేరిణితో పాటు డప్పు, ఒగ్గు డోలు, గుస్సాడీ, కొమ్ముకోయ, లంబాడీ నృత్యాలు చూపించారు. ఊళ్ళో డప్పు కొడితే ఇప్పటికీ మాదిగోడి చావుడప్పు అనిపించుకునే వాయిద్యం ఆ రాత్రి తెలంగాణ సంస్కృతి అయింది. సంతోషమే. కానీ ఆ డప్పు కొట్టిన చేతికి దక్కిన పారితోషికమెంత? మధ్యలో ఈవెంట్ కంపెనీ ఎంత తీసుకుంది? తోలు దగ్గర నుంచి తాళం దాకా ఈ కళను మోసుకొచ్చిన కులానికి ఆ కాంట్రాక్టుల్లో ఏ స్థానం ఉంది? రెండు రోజుల తర్వాత బుద్ధ పూర్ణిమనాడు నాగార్జునసాగర్ బుద్ధవనంలో ఇదే ఇంకో రూపంలో జరిగింది. ఆసియా దేశాల బౌద్ధ యాత్రికుల కోసం 274 ఎకరాల్లో కట్టిన వనం అది. బుద్ధుణ్ణి ఈ దేశంలో మళ్ళీ బతికించింది 1956లో నాగపూర్‌లో లక్షలమందితో అంబేద్కర్ తీసుకున్న దీక్ష. బుద్ధుడు యాత్రికులను రప్పించే విగ్రహమైతే చాలు, కులాన్ని ప్రశ్నించే గురువుగా అక్కర్లేదన్నట్టుంది ప్రభుత్వాల వరస.

పోటీల మధ్యలోనే వెళ్ళిపోయిన మిస్ ఇంగ్లండ్ మిల్లా మాగీ, ధనికులైన స్పాన్సర్లను అలరించే పనికి తమను కూర్చోబెట్టారని బ్రిటిష్ పత్రికకు చెప్పారు. నిర్వాహకులు ఖండించారు. ప్రభుత్వం మాత్రం వెంటనే విచారణ అంది. అనాల్సిందే. ఒక యువతి తనకు జరిగిన అవమానం గురించి మాట్లాడితే వినాలి. ఆ వినే చెవి రామప్ప దగ్గర తువ్వాలు పట్టుకున్న మహిళల వైపు కూడా తిరగాలి. వాళ్ళను ఎవరు పిలిచారు, ఏం చేయాలని చెప్పి పిలిచారు, ఎంత ఇచ్చారు, కాదనే వీలుందా? వాళ్ళ పేరు మీద పార్టీలు మాట్లాడాయే తప్ప ఈ నాలుగు ప్రశ్నలు అడిగినవాళ్ళు తక్కువ.

మేం చేయగలిగింది అడగడమే. తెలంగాణలో 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక ప్రగతి నిధి చట్టం ఉంది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించి ఖర్చు చేయాలని, ఒక ఏడాది ఖర్చుకాని సొమ్మును మరుసటి ఏడాదికి కలపాలని అది చెబుతుంది. పర్యాటక శాఖ ఆ పద్దు కింద ఎంత చూపించింది, దేనికి ఖర్చు పెట్టింది? 27 ప్రత్యేక పర్యాటక ప్రాంతాల్లో అసైన్డ్ భూములు ఎన్ని ఎకరాలున్నాయి, ఎవరి చేతుల్లోంచి పోతున్నాయి? గచ్చిబౌలి నిథమ్‌లో చదివిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఏ హోటళ్ళలో, ఏ హోదాలో చేరారు? రాయితీలు తీసుకునే ప్రైవేటు సంస్థలు తమ సిబ్బంది సామాజిక వివరాలను ఏటా బయటపెట్టాలన్న షరతు ఒప్పందాల్లో ఎందుకు పెట్టకూడదు? మరుగుదొడ్లు, డ్రైనేజీ పనుల కాంట్రాక్టుల్లో 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం అమలును ఎవరు చూస్తున్నారు?

సమాచార హక్కు చట్టం కింద ఈ ప్రశ్నలు వేయడానికి పది రూపాయల రుసుం చాలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. జిల్లాల్లో ఉన్న విద్యార్థి మిత్రులు మొదట తమ జిల్లాలోని పర్యాటక ప్రాంతం భూముల జాబితా అడగండి. తహసీల్దార్ కార్యాలయంలో అసైన్‌మెంట్ రిజిస్టర్‌తో ఆ సర్వే నంబర్లను పోల్చి చూడండి.